కాపలా కుక్క, పొరుగువారి హక్కు

వేటకు, మందకు, పొలానికి కాపలాగా కుక్కను పెంచుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. ఊరికే ముచ్చటకు పెంచితే ప్రతిరోజూ పుణ్యం తరుగుతుందని హదీసులు చెబుతున్నాయి. సరే, మీది కాపలా కుక్కే అనుకుందాం. అంతమాత్రాన పక్కింటివారి కోపం అన్యాయమైపోదు.

ఫజ్ర్ నమాజుకు బయలుదేరిన ముసలాయన మీదికి అది ఎగబడితే, దాని చొంగ అంటిన బట్టలు మార్చుకోవలసింది ఆయనే కదా! పొరుగువారి గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేశారంటే, వారిని ఆస్తికి వారసుల్ని చేస్తారేమోనని ప్రవక్త (స)కు అనిపించింది. గొలుసు, రేబిస్ టీకా మీ బాధ్యత. ఆయన అడగకముందే వెళ్ళి, "రాత్రి దీని అరుపులకు నిద్ర చెడుతోందా చాచా?" అని పలకరించండి. సగం కోపం అక్కడే దిగుతుంది.

అయినా ఆయన అన్నంలో విషం కలిపి పెడితే? దప్పికగొన్న కుక్కకు నీళ్ళు తాపినందుకు ఒక పతితను అల్లాహ్ మన్నించాడు. చంపే హక్కు ఎవరిచ్చారు? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టినవారికి అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు. 291వ సెక్షన్ ప్రకారం, మనుషులకు ప్రమాదమని తెలిసీ కుక్కను అదుపులో ఉంచని యజమానికి ఆరు నెలల దాకా! ఈ రెండోది మనవాళ్ళు మరచిపోతుంటారు.

ఠాణా మెట్లెక్కే ముందు ఇమామ్ సాహెబ్ సమక్షంలో ఇద్దరూ కూర్చోండి. గొలుసు ఎంత పొడవుండాలో, కుక్కను ఏ వేళప్పుడు విప్పాలో అక్కడే తేల్చుకోవచ్చు.