ఓడ గదికి ఎన్ని గజాల బాల్కనీ?

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

వేసవి దగ్గర పడుతోందంటే అమెరికాలో మన ఇళ్ళల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఎప్పుడొస్తున్నారు, వచ్చాక వాళ్ళను ఎక్కడెక్కడికి తిప్పాలి. నయాగరా, డిస్నీ అయిపోయాక ఎవరో ఒకరు "ఈసారి క్రూయిజ్‌కి వెళ్దామా?" అంటారు. అప్పుడు నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను ట్రావెల్ ఏజెంటును కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటును. ఏ లెక్క కనబడినా స్ప్రెడ్‌షీటులో పెట్టి చూసుకునే అలవాటు ఒక్కటే నా అర్హత. అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "బాల్కనీ గది తీసుకుంటే పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా? అసలు ఎంత బాల్కనీ ఇస్తారు?" ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

ఈ ప్రశ్న అందరికీ ఒకేలా వర్తించదు. పిల్లలు రోజంతా పూల్ దగ్గరే ఉంటారు. మనం వాళ్ళ వెనకాల పరిగెడుతూ ఉంటాం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి, ఆ పాటల హోరు సరిపడని నాన్నకి మాత్రం ఏడు రోజులూ ఎక్కువగా గడిచేది గదిలోనే. వాళ్ళకు సముద్రం అంటే ఆ బాల్కనీయే. కాబట్టి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి.

ముందు కొలతలు. మనవాళ్ళం స్థలం అనగానే గజాల్లో ఆలోచిస్తాం కాబట్టి అలాగే చెబుతాను. చదరపు గజం అంటే తొమ్మిది చదరపు అడుగులు. కార్నివాల్ వాళ్ళ చాలా ఓడల్లో మామూలు బాల్కనీ సుమారు 35 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాల కన్నా కాస్త తక్కువ. ప్రిన్సెస్ కంపెనీ 2013లో దింపిన రాయల్ ప్రిన్సెస్‌లో సుమారు 41, నాలుగున్నర గజాలు. రాయల్ కరీబియన్ వాళ్ళ ఒయాసిస్ తరహా ఓడల్లో సుమారు 50, ఐదున్నర గజాలు. 2008లో వచ్చిన సెలబ్రిటీ సాల్‌స్టిస్‌లో సుమారు 54, సరిగ్గా ఆరు గజాలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న నులక మంచాలు రెండు పక్కపక్కన వేస్తే 36 చదరపు అడుగులు. చిన్న బాల్కనీ అంటే అంతే అన్నమాట.

ఇక్కడ కాగితం మీద ఒక తిరకాసు ఉంది. కొన్ని కంపెనీలు గది కొలత వేరే, బాల్కనీ కొలత వేరే ఇస్తాయి. కొన్ని రెండూ కలిపి ఒకే అంకె చెబుతాయి. కార్నివాల్ గది 185 అంటే బాల్కనీ కాకుండా 185. రాయల్ ప్రిన్సెస్ గది సుమారు 222 అంటే బాల్కనీతో కలిపి. పైపైన చూస్తే రెండోది చాలా పెద్దదనిపిస్తుంది. బాల్కనీ 41 తీసేస్తే లోపల మిగిలేది 181. అంటే గది నాలుగడుగులు తక్కువే. కాబట్టి రెండు ఓడల్ని పోల్చేముందు "ఇది బాల్కనీతోనా, బాల్కనీ కాకుండానా?" అని అడగాలి.

రెండో సంగతి లోతు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఓడలో గది వెడల్పు మామూలుగా ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటుంది. బాల్కనీ కూడా అంతే వెడల్పు. 35ను ఎనిమిదిన్నరతో భాగిస్తే లోతు నాలుగడుగుల చిల్లర వస్తుంది. కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చుంటే కాళ్ళతో కలిపి దాదాపు అంత లోతూ సరిపోతుంది. అంటే నాన్న కూర్చుంటే అమ్మ ఆయన ముందునుంచి దాటి వెళ్ళలేదు. కాళ్ళు చాపుకోవడం సంగతి సరేసరి. అదే వెడల్పుకు 54 అయితే లోతు ఆరడుగులు దాటుతుంది. హాయిగా వాలుగా కూర్చోవచ్చు, మధ్యలో కాఫీకి చిన్న బల్ల కూడా పడుతుంది. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన బాల్కనీ కూడా కాగితం మీద పెద్దదిగానే కనబడుతుంది. కాబట్టి చదరపు అడుగులతో పాటు లోతెంతో అడగండి.

మరి ఇంకాస్త పెద్దది ఎందుకు కట్టరు అంటారా? ఓడ వెడల్పు పెంచుకుంటూ పోవడం కుదరదు. పనామా కాలువ పాత లాకులు 110 అడుగుల వెడల్పే. 2016లో పెద్ద లాకులు తెరిచేదాకా ఆ కాలువ దాటవలసిన ఓడలన్నీ ఆ కొలతకు లోబడే కట్టారు. అంత వెడల్పులోనే నడవలు, లోపలి గదులు, రెండువైపులా బాల్కనీలు ఇమడాలి. చాలా మటుకు బాల్కనీకి ఒక అడుగు ఇవ్వాలంటే గదిలోంచి ఒక అడుగు తియ్యాల్సిందే.

మూడోది, బాల్కనీ ఎక్కడుందన్నది. ప్రిన్సెస్ వాళ్ళ గ్రాండ్ తరహా ఓడల్లో అంతస్తులు మెట్లు మెట్లుగా ఉంటాయి. కరీబ్ డెక్ బాల్కనీలు పైనున్న బాహా డెక్ వాటికన్నా లోతు ఎక్కువ. సగం నీడ, సగం ఎండ. కింద డాల్ఫిన్ డెక్‌లో పైకప్పు ఉండదు, పై అంతస్తులవాళ్ళకు అంతా కనబడుతుంది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుందామనుకునే అమ్మకు అది ఇబ్బందే. ఓడ వెనక భాగంలో బాల్కనీలు సాధారణంగా పెద్దవి, ప్రయాణంలో ఎదురుగాలి కూడా తక్కువ. కాకపోతే లిఫ్టు నుంచి చాలా దూరం నడవాలి. నడక కష్టమైనవాళ్ళకు ఓడ మధ్యభాగం మేలు, అక్కడ ఊపు కూడా తక్కువ.

బాల్కనీ అని పేరున్నంత మాత్రాన సముద్రం కనబడాలని లేదు. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌లో కొన్ని బాల్కనీలు లోపలికి, ఓడ మధ్యలో పెంచిన తోటవైపు తెరుచుకుంటాయి. చెట్లు బాగానే ఉంటాయి, ఎదురింటివాళ్ళు కూడా కనబడతారు. 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్‌లో ఇంకో పద్ధతి. గది నేల ఓడ అంచుదాకా వెళ్ళిపోతుంది, బటన్ నొక్కితే అద్దంలో పై సగం కిందికి దిగుతుంది. గది విశాలంగా ఉంటుంది, కానీ బయటికి అడుగుపెట్టి నిలబడిన తృప్తి ఉండదు. గాలి ఎక్కువైతే సిబ్బంది ఆ అద్దాన్ని మూసేస్తారు.

ఇక భద్రత. 2006 మార్చి 23 తెల్లవారుజామున, జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్ ఓడలో ఒక బాల్కనీలో మంట మొదలైంది. ఆర్పకుండా పారేసిన సిగరెట్టు వల్ల కావచ్చని దర్యాప్తులో తేలింది. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుతెరలు, కుర్చీలు అంటుకుని నిమిషాల్లో పై అంతస్తులకు పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆ తరువాత 2008 జూలై నుంచి బాల్కనీల్లో వాడే సామాను మీద, మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాట్ల మీద అంతర్జాతీయ నిబంధనలు అమలులోకి వచ్చాయి. మన పెద్దవాళ్ళకు ముందే చెప్పాల్సింది ఇదే. ఓడలో దీపం, అగరువత్తి వెలిగించనివ్వరు, పెట్టెలో కనబడితే తీసేసుకుంటారు. రెయిలింగ్ మీద చీరలు, తువ్వాళ్ళు ఆరేయనివ్వరు.

పిల్లలున్నవాళ్ళకు ఇంకో మాట. 2010లో అమెరికా చేసిన చట్టం ప్రకారం రెయిలింగ్ ఎత్తు కనీసం 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు ఉండాలి. కానీ పిల్లవాడు కుర్చీ ఎక్కితే ఆ ఎత్తు ఎందుకూ పనికిరాదు. గదిలోకి వెళ్ళగానే కుర్చీలు రెయిలింగ్‌కు దూరంగా జరపండి, తలుపు గడియ పెట్టి ఉంచండి.

రెండు గదులు తీసుకునే కుటుంబాలకు ఒక చిట్కా. చాలా ఓడల్లో పక్కపక్క బాల్కనీల మధ్య అడ్డుతెరను సిబ్బంది తెరిచి పెడతారు. మీవి నాలుగు గజాలు, అమ్మావాళ్ళవి నాలుగు గజాలు కలిస్తే ఎనిమిది గజాల వసారా. అన్ని గదులకూ ఈ వీలుండదు కాబట్టి బుక్ చేసేముందే అడగాలి.

చివరిగా, ఫోన్ పక్కన రాసిపెట్టుకోవలసినవి ఐదు ప్రశ్నలు. కొలత బాల్కనీతోనా, కాకుండానా? లోతు ఎన్ని అడుగులు? పైకప్పు ఉందా? ఎదురుగా లైఫ్‌బోటు గానీ ఇనుప గోడ గానీ అడ్డమున్నాయా? తలుపు దగ్గర గడప ఎంత ఎత్తు? ఈ ఆఖరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఆ గడప దాటలేకపోతే ఆరు గజాలున్నా అమ్మకు ఒక్క గజం కూడా లేనట్టే. బాల్కనీ గదికీ, కిటికీ గదికీ ధరలో తేడాను రోజులతో భాగించి చూడండి. ఆ కుర్చీలో రోజూ రెండు గంటలు కూర్చునేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే తీసుకోండి. లేకపోతే కిటికీ గది చాలు, మిగిలిన డబ్బు రేవుల్లో దిగి చూడటానికి పనికొస్తుంది.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.