నీటి బాట – ఇనుప బాట

కాచిగూడ స్టేషను 1916లో వెలసినది. నాటినుండి అంబర్‌పేట ప్రాంత వాసులకు రైలు కూత చిరపరిచితం. పడవ అనగానే మాత్రం మనకు హుసేన్ సాగర్ విహారమే స్ఫురిస్తుంది. కాని కోస్తా ఆంధ్రంలో ఒకప్పుడు పడవే ప్రజల ప్రధాన వాహనం. ఈ రెండు సాధనాల తారతమ్యాన్ని సంగ్రహంగా వివరించడం మా ఉద్దేశం.

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో పూర్తిచేశారు. 1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట ఏర్పడినది. వాటి కాలువలు పొలాలకు నీరిస్తూనే పడవలకు దారులైనవి. ఏలూరు కాలువ రెండు నదులను కలిపినది. కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను చేరినది. ఆ విధంగా కాకినాడ నుండి మద్రాసు వరకు నీటి బాట ఏర్పడినది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేనిచో గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. నీటిమట్టం మారేచోట లాకుల తలుపులు మూసి, నీటిని నింపియో వదలియో పడవను దాటించేవారు. తేలే బరువును మెల్లగా లాగడానికి స్వల్ప బలం చాలును గనుక కిరాయి చౌక. అయితే ప్రయాణానికి రోజులు పట్టేవి. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేస్తే పడవ కదిలేది కాదు.

రైలు ఈ లోపాలను తీర్చినది. నిజాం రాజ్యపు రైలుమార్గం 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు, 1889లో విజయవాడకు చేరినది. 1899లో విజయవాడ నుండి మద్రాసుకు మార్గం కుదిరినది. 1900లో రాజమండ్రి వద్ద 56 స్పానుల వంతెన పూర్తికాగా గోదావరిని సైతం రైలు దాటినది. ప్రయాణికులు రైలెక్కారు, పడవలకు ధాన్యం, ఉప్పు, కట్టెలు మిగిలినవి. తుపానుల వల్ల, పూడిక వల్ల బకింగ్‌హాం కాలువ రాకపోకలు కూడ క్రమంగా అంతరించినవి.

వేగమొక్కటే కొలమానమైతే వివాదమే లేదు. కాని 1876–78 నాటి ధాత కరువులో రైళ్లు ధాన్యం మోసినా లక్షలాది ప్రజలు మరణించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట కాటన్ తన వాదాన్ని వినిపించారు: కాలువ పంటనూ పండిస్తుంది, దానిని తక్కువ ఖర్చుతో మోస్తుంది కూడ. రైలు మోయగలదే కాని పండించలేదు. ప్రభుత్వం మాత్రం రైలుమార్గాలకే అధికధనం వెచ్చించినది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలు, గోదావరి, కృష్ణలు కలిసి నాల్గవ జాతీయ జలమార్గంగా ప్రకటింపబడినవి. కాటన్ వాదంలోని సత్యాన్ని కాలం కొట్టివేయలేదని దీనివల్ల తెలుస్తున్నది. ఎంత త్వరగా చేర్చినది అని మాత్రమే గాక, ఎందరి కడుపు నింపినది అని కూడ ప్రతి సాధనాన్నీ ప్రశ్నించడం విద్యార్థులు అలవరచుకోవలెనని మా ఆకాంక్ష.