ఇరుకు గోడకు నిలువు గీజరు

కార్తీకం దాటిందంటే చాలు, శామీర్‌పేట చెరువు మీంచి వచ్చే గాలికి పొద్దున్నే కుళాయి ముట్టుకోవాలంటేనే ఒళ్లు జివ్వుమంటుంది. రాత్రి మిగిలిన జిడ్డు గిన్నెలు చన్నీళ్లతో తోమితే వేళ్లు కొంకర్లు పోతాయి. మేడ్చల్ వైపు కొత్తగా ఇల్లో ఫ్లాటో తీసుకున్నవాళ్లకి వంటింట్లోనూ ఓ గీజరుంటే బాగుండుననిపించేది అప్పుడే. తీరా చూస్తే గోడేదీ? ఒకవైపు అల్మరాలు, ఇంకోవైపు ఫ్రిజ్. సింకు పక్కన మిగిలేది మహా అయితే అడుగున్నర!

చలి దేశాల్లో ఇలాంటి గోడలకు నిలువు రేడియేటర్లు బిగిస్తారు, గది వెచ్చబడటానికి. మనకు వెచ్చబడాల్సింది గది కాదు, నీళ్లు. సూత్రం మాత్రం ఒకటే... వెడల్పు లేనిచోట ఎత్తును వాడుకోవడం.

నిలువా... అడ్డమా?

తలుపు పైనో, అటక కిందో బిగించడానికి అడ్డం గీజరు అనువు. సన్నటి గోడకైతే నిలువుదే సరి. నీళ్లు నిల్వ ఉండే రకంలో దీనికి ఇంకో లాభమూ ఉంది. వేడినీళ్లు తేలికై పైకి చేరతాయి, చన్నీళ్లు అడుగున ఉంటాయి. అంత తొందరగా కలవవు. స్థలం కుదరలేదని నిలువు మోడల్‌ని మాత్రం అడ్డంగా బిగించొద్దు. కొనేముందు వెడల్పుతో పాటు ముందుకెంత పొడుచుకొస్తుందో, అడుగున పైపులకు చోటుందో లేదో కూడా కొలుచుకోండి.

ఎన్ని లీటర్లు?

గిన్నెలు, కూరగాయలు కడగడానికే అయితే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చాలు. 3 కిలోవాట్లదైతే 20 డిగ్రీల నీళ్లు సుమారు రెండు నిమిషాల్లో 50 డిగ్రీలకు వస్తాయి. అదే 15 లీటర్లు, 2 కిలోవాట్లదైతే పావుగంట పైనే పడుతుంది. ఎక్కువ అంతస్తుల భవనాల్లో పైనుంచి నీటి ఒత్తిడి బాగా ఉంటుంది. 8 బార్ తట్టుకునేది అడగండి.

బోరు నీళ్లా?

కఠిన జలమైతే కాయిల్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, కాయిల్ కాలిపోతుంది. లోపల గ్లాస్ కోటింగ్ ఉన్న ట్యాంకు మేలు. అందులో తుప్పును తన మీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ఏడాదికోసారి మెకానిక్‌తో చూపించి, అరిగితే మార్పించాలి.

గ్యాస్ గీజరు వద్దు

కరెంటు ఆదా అని గ్యాస్ గీజరు వైపు చూస్తున్నారా? ఇరుకు వంటింట్లో, అదీ చలికి కిటికీలు మూసుకునే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, మత్తు అనుకునేలోపే మనిషి పడిపోతాడు.

కరెంటు గీజరుకూ కొన్ని జాగ్రత్తలు తప్పవు. 3 కిలోవాట్లంటే దాదాపు 13 ఆంపియర్లు. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు పనికిరావు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. చుక్కలు కారుతున్నాయని సేఫ్టీ వాల్వ్‌ని మూసేయొద్దు.

టేపుతో గోడ కొలవడంతో మొదలైన పని ఎర్తింగ్ చూసుకున్నాకే ముగియాలి. ఆ తర్వాత గిన్నెలు తోమే వంతు ఎవరిదని ఇంట్లో ఎంతైనా వాదించుకోవచ్చు. నీళ్లు చల్లగా ఉన్నాయన్న సాకు మాత్రం ఇక చెల్లదు!