ఆగిన గడియారం – కదలిన మనస్సు: ఒక జపాను చిత్రకథా సంపుటం

హాస్యరసం శృంగారం నుండి పుట్టునని భరతముని చెప్పినాడు. అలంకారశాస్త్రంతో కొంచెమైనా పరిచయం గల విద్యార్థులకు ఇది తెలిసిన మాటయే. కరుణానికీ విప్రలంభానికీ గల భేదాన్ని కూడ ఆయన క్లుప్తంగా తేల్చినాడు. ప్రియసమాగమం మీద ఆశ మిగిలి ఉన్నంతవరకు అది విప్రలంభం. ఆ ఆశ మొదలంట తెగిపోయినప్పుడు కరుణం. ఈ లెక్కన, భర్తను పోగొట్టుకొన్న యువతి దుఃఖం శృంగారపు పొలిమేరలకు అవతలిది. అట్టి దుఃఖం నుండి మరల శృంగారానికి త్రోవ ఉన్నదా? ఉన్నచో ఆ త్రోవలో నవ్వుకు చోటు దొరకునా? ఈ రెండు ప్రశ్నలకూ ఒక జపాను రచయిత్రి పదిహేను సంపుటాల బొమ్మల కథలో సమాధానం చెప్పినది. ఆ కథ పేరు 'మేజోన్ ఇక్కోకు'. దాని తుది సంపుటమే ఇచ్చట పరామర్శింపదగిన గ్రంథం.

రచయిత్రి తకహాషి రుమికో 1957లో నీగాతాలో జన్మించినది. కథ వ్రాయుటయు, బొమ్మలు గీయుటయు రెండును ఆమె పనులే. 'మేజోన్ ఇక్కోకు' 1980లో వెలువడనారంభించిన 'బిగ్ కామిక్ స్పిరిట్స్' అనే పత్రికలో ఆ సంవత్సరమే మొదలై 1987 వరకు ధారావాహికంగా నడిచినది. తరువాత టెలివిజనులో తొంబదియారు భాగాల చిత్రంగా కూడ ప్రసారమైనది. చిత్రకథా ప్రపంచంలో మిక్కిలి గౌరవంగా ఎంచబడే ఫ్రాన్సు దేశపు అంగులేం ఉత్సవ పురస్కారం 2019లో ఈమెకు లభించినది.

బొమ్మల కథ అనగానే మనకు బాలసాహిత్యం స్ఫురిస్తుంది. 1947లో పుట్టిన 'చందమామ' మనకు నేర్పిన మధురమైన అలవాటది. జపానులో 'మాంగా' అనబడే ఈ ప్రక్రియకు వయోభేదం లేదు. పిల్లలకు వేరు పత్రికలు, యువకులకు వేరు పత్రికలు, గృహిణులకు వేరు పత్రికలు అచ్చట ఉన్నవి. పత్రికలో ప్రకరణాలుగా వచ్చిన కథను కొన్నింటి చొప్పున కూర్చి చిన్న సంపుటాలుగా ప్రకటిస్తారు. పుటలు కుడి నుండి ఎడమకు తిరుగుతాయి. మన పాఠకునకు మొదటి పది పుటలలో కన్ను తడబడుతుంది. ఆపై ఆ తడబాటు మరపునకు వస్తుంది.

కథకు రంగస్థలం తోక్యో నగరపు ఒక మూల నున్న పాత కొయ్య భవనం. దాని పేరు ఇక్కోకు కన్. 'ఇక్కోకు' అనగా ఒక్క క్షణమని అర్థం. 'కొకు' పూర్వకాలపు కాలమానం గనుక 'ఒక్క ఘడియ ఇల్లు' అని మనం తెనిగించుకొనవచ్చును. ఆ ఇంటిమీద ఒక గడియార స్తంభమున్నది. ఆ గడియారం ఆగిపోయినది. ఆ ఇంటిని చూచుకొనుటకు క్రొత్తగా వచ్చిన పర్యవేక్షకురాలు ఒతొనాషి క్యోకో. కోడిపిల్ల బొమ్మ కుట్టిన ముంగొంగు కట్టుకొని ప్రతి ఉదయం వాకిలి ఊడ్చే ఈ యువతి వితంతువు. పాఠశాలలో తనకు బోధించిన సోయిచిరో అనే ఉపాధ్యాయుని ప్రేమించి, చదువు ముగియగానే పెండ్లాడినది. ఏడాదియైనా తిరుగకుండ ఆయన మరణించినాడు. ఇల్లు ఆమె మామగారిది.

అయిదవ గదిలో అద్దెకున్నవాడు గొదాయ్ యూసాకు. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో తప్పి మరల చదువుతున్న పేద యువకుడు. ఇట్టివారిని జపానులో 'రోనిన్' అంటారు. పూర్వం ప్రభువును కోల్పోయి దిక్కులేక తిరిగే యోధునికి ఉన్న పేరు అది. పొరుగువారి అల్లరి భరింపలేక గది ఖాళీ చేయనున్న దినముననే క్యోకో గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. అతడు ఉండిపోతాడు. అక్కడ నుండి ఏడేండ్ల కథ.

ఈ 'రోనిన్' మనకు పరాయివాడు కాడు. చోడవరం ప్రాంతపు చెరకు పల్లెల నుండి, బుచ్చయ్యపేట వంటి మండలాల నుండి, చదువుకోసం అనకాపల్లికో విశాఖపట్నానికో పోయి, అద్దెగదిలో వంట చేసికొనుచు, ఒక పరీక్ష తప్పి రెండవసారి శిక్షణకు కూర్చున్న కుర్రవాడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు. ఇంటికి వ్రాయలేని సంగతులు, చేతిలో చాలని డబ్బు, పరీక్ష తప్పినవాడనే చులకన, ఆ చులకనలో ఎవరైనా ఒక మంచిమాట చెప్పితే దానికి పుట్టే అపారమైన కృతజ్ఞత — ఇవన్నీ గొదాయ్‌లో మనవాళ్లు గుర్తుపట్టగలరు. ఉపాధ్యాయులు అతనిని చదువవలసిన కారణం మరొకటి ఉన్నది. అతడు చివరకు శిశువిద్యాలయంలో పసిపిల్లల ఉపాధ్యాయుడవుతాడు. పెద్ద ఉద్యోగం దొరకనందువల్ల ఆ వృత్తిలో చేరినట్లు మొదట తోచినా, పిల్లల నడుమ అతని నిజమైన స్వభావం వికసించుటను రచయిత్రి ఓపికతో చిత్రించినది.

కథలో హాస్యం చాల భాగం ఆ ఇంటివారి నుండి పుట్టుతుంది. ఒకటవ గదిలో ఇచినొసే కుటుంబం, నాలుగవ గదిలో వృత్తి ఏమిటో ఎవరికీ తెలియని యొత్సుయా, ఆరవ గదిలో మద్యశాల ఉద్యోగిని అకెమి. గదుల అంకెలే వారి పేర్లలో దాగి ఉన్నవి: 'ఇచి' ఒకటి, 'యొత్సు' నాలుగు, 'గొ' అయిదు, 'రొప్పొంగి' అనే ఇంటిపేరులో ఆరు. నాయిక ఇంటిపేరైన 'ఒతొనాషి'లో 'లేదు' అనే అర్థం గల అక్షరమున్నది; అది సున్న. శ్లేషకు ప్రాణమిచ్చే తెలుగువారు ఈ సంఖ్యా చమత్కారాన్ని మెచ్చుకొనక మానరు. సున్న ఎవరి ప్రక్కన చేరితే వారి విలువ పెరుగుననే లెక్క కూడ ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది.

గొదాయ్‌కు ప్రతిద్వంద్వి మితాకా అనే టెన్నిసు శిక్షకుడు. ధనవంతుడు, రూపవంతుడు, నవ్వితే పండ్లు తళుక్కుమంటాయి. ఇతనికి కుక్క అనగా ప్రాణభయం. నాయిక ఇంటిలో కుక్క ఉన్నది. ఇంతవరకు ఇది ప్రహసనపు సామగ్రి. కాని ఆ కుక్క పేరు సోయిచిరో. దివంగతుడైన భర్త పేరే. భర్త బ్రతికి ఉన్న దినాలలో ఆయన వెంట ఇంటికి వచ్చిన కుక్క అది. ఆయనను క్యోకో పిలుచుట విని విని, ఆ పేరుకు తప్ప మరి దేనికీ పలుకదు. అందుచేత ఆ ఇంటిలో దినమునకు పదిమారులు మృతుని పేరు గట్టిగా వినబడుతుంది. పాఠకుడు నవ్వుతాడు, నవ్వుచుండగానే గుండె కలుక్కుమంటుంది.

చిత్రకర్త్రిగా తకహాషి చేసిన ఉత్తమమైన పని మరొకటి ఉన్నది. పదిహేను సంపుటాలలో సోయిచిరో ముఖాన్ని ఆమె ఒక్కసారియైనా స్పష్టంగా చూపలేదు. జ్ఞాపకాలలో కనబడినప్పుడెల్లను అది నీడలోనే ఉంటుంది. గొదాయ్ పోటీపడవలసినది ముఖంలేని మనిషితో. బ్రదికి ఉన్న పోటీదారుడు తప్పు చేస్తాడు, ముసలివాడవుతాడు, మాట జారుతాడు. మృతుడు ఏ తప్పు చేయడు. అతనిని గెలుచుట ఎవరికి సాధ్యం?

ఈ చిక్కును విప్పునది పదిహేనవ సంపుటం. ఇందులో వివాహ ప్రస్తావన వచ్చినప్పుడు క్యోకో కోరిన వరం ఒక్కటే: తనకంటె ఒక్క దినమైనా ఎక్కువ బ్రదుకవలెనని. సంపదను గూర్చి గాని సుఖాన్ని గూర్చి గాని ఆమె అడుగలేదు. హాస్యకథలో నాయిక పెండ్లికి పెట్టిన షరతు ఇది. ఆమె ఇన్నేండ్లు తటపటాయించుటకు కారణం పూర్వప్రేమ ఒక్కటే కాదనీ, మరల ఒకసారి అట్లే పోగొట్టుకొనుట భరింపలేననే భయం కూడ అనీ ఆ కోరికతో తెలుస్తుంది. వెనుకటి సంపుటాలలో ఆమె చూపిన కోపాలు, అసూయలు, అలుకలు ఇక్కడ క్రొత్త అర్థంతో మరల చదువవలసి వస్తాయి.

అంతకంటె ఉదాత్తమైన ఘట్టం సమాధి దగ్గరిది. గొదాయ్ ఒంటరిగా సోయిచిరో సమాధి ముందు నిలిచి, మృతునితో మాటాడుతాడు. క్యోకో హృదయంలో ఆయన ఎప్పుడూ ఉన్నాడని, తాను ప్రేమించిన క్యోకో ఆయనతో కూడిన క్యోకోయే గనుక ఇద్దరినీ కలిపియే స్వీకరిస్తానని అతని భావం. వెనుక నిలిచిన క్యోకో ఆ మాటలు విన్నది. పోటీ అక్కడ ముగిసినది. గెలిచినవారు లేరు, ఓడినవారు లేరు. మృతునకు కూడ ఇంటిలో చోటు దొరికినది. తదుపరి పుటలలో పెండ్లి, ఆపైన పసిబిడ్డ హరుకాతో వారు మరల ఆ పాత ఇంటికే చేరుట — ఇదంతయు తేలికగా, ఆడంబరం లేకుండ సాగిపోతుంది.

తెలుగు పాఠకునకు ఈ ఘట్టం ఇంత బలంగా తగులుటకు కారణమున్నది. వితంతువు పునర్వివాహం మనకు తలనొప్పులతో, తగవులతో, బహిష్కారాలతో గెలిచిన హక్కు. శాసనం 1856లో వచ్చినా, తెలుగునాట తొలి వితంతు వివాహం కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో జరిపించే వరకు, అనగా 1881 డిసెంబరు 11వ తేదీ వరకు, ఇరువదియైదేండ్లు వేచి ఉండవలసి వచ్చినది. నేడు బుచ్చయ్యపేట ఉన్న అనకాపల్లి జిల్లాలోనిదే సర్వసిద్ధి రాయవరం. అచ్చట జన్మించిన గురజాడ అప్పారావుగారు 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో బాలవితంతువు బుచ్చమ్మను మన కన్నుల ముందు నిలిపినారు. గిరీశం ఆమెకు సంస్కరణోపన్యాసాలతో వల వేస్తాడు; లేవదీసికొని పోతాడు. అతని బండారం బయటపడిన తరువాత, సౌజన్యారావు పంతులు ఆమెను పుణేలోని వితంతు శరణాలయానికి పంపి చదివింప సంకల్పిస్తాడు. ఆ నాటకపు కాలానికి అంతకంటె గౌరవమైన ముగింపు లేదు. నవ్వంతయు గిరీశం చుట్టూ తిరుగుతుంది. బుచ్చమ్మకు దక్కినది జాలి.

క్యోకోకు దక్కినది కాలం. వేచి చూచుటకు, మనసు మార్చుకొనుటకు, అలుగుటకు, తప్పుగా అపార్థం చేసికొనుటకు, నవ్వులపాలగుటకు ఆమెకు ఏడేండ్ల వ్యవధి ఉన్నది. మామగారే ఆమెను తమ కుటుంబపు బంధం నుండి విడివడి క్రొత్త జీవితం ఆరంభింపుమని ప్రోత్సహిస్తాడు. అడ్డుగా నిలిచినది లోకం కాదు, ఆమె మనస్సే. హక్కు లభించిన తరువాత కూడ మిగిలే ఈ సూక్ష్మమైన సమస్యను మన సాహిత్యం తగినంత పట్టించుకొనలేదు. మన ప్రణయహాస్యం ప్రధానంగా దాంపత్య హాస్యం. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం, ముళ్లపూడి వెంకటరమణగారి రాధాగోపాళాలు పెండ్లి అయిన తరువాతనే మనల నవ్వించినారు. వితంతువును చూచి కాక, వితంతువుతో కలిసి నవ్విన రచన మనకు అరుదు.

గ్రంథంలో దోషాలు లేకపోలేదు. పొరుగువారి త్రాగుడు, గోడకు కన్నాలు చేసి తొంగిచూచుట వంటి మోటుహాస్యం మాటిమాటికీ వచ్చి విసుగు పుట్టిస్తుంది. ముందటి సంపుటాలలో మితాకా, ఒక కుక్క గర్భం ధరించిన వార్తను అపార్థం చేసికొని వేరొక యువతికి మాట ఇచ్చి చిక్కుకొనుట ప్రహసనంగా బాగున్నా, అంతటి పాత్రను తప్పించుటకు అది సులభోపాయం. ఉన్నమాట చెప్పలేని గొదాయ్ మెత్తదనం వల్ల కొజుయె అనే అమాయక బాలిక ఏండ్లతరబడి మోసపోతుంది. ఆమెకు రచయిత్రి పూర్తి న్యాయం చేయలేదు. అధ్యాపకుడు విద్యార్థినిని వలచి పెండ్లాడుట ఉపాధ్యాయ పాఠకులకు కష్టంగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్నను రచయిత్రి దాటవేయలేదు. గొదాయ్ బోధనాభ్యాసానికి క్యోకో చదివిన బాలికల పాఠశాలకే పోయినప్పుడు యాగామి అనే విద్యార్థిని అతనిని వెంటాడుతుంది. అతడు ఆమెను చదువుకొనే పిల్లగానే చూచినాడు. కథ తన గతాన్ని తానే పరీక్షించుకొన్న సందర్భమది.

ఇది చిన్నపిల్లలకు ఇచ్చే పుస్తకం కాదు. కళాశాల విద్యార్థులు ఆంగ్లానువాదంలో చదువవచ్చును. చదువునప్పుడు సంభాషణలనే కాక, మాటలేని గళ్లను గమనింపవలెను. మంచు కురిసే వీధి, పూచిన చెర్రీకొమ్మ, ఎవరూ లేని వాకిలి, గోడకానించిన చీపురు — ఇట్టి నిశ్శబ్ద చిత్రాలలో ఋతువులు మారుతాయి, పాత్రలకు వయస్సు వస్తుంది. మన కావ్యాలలో ఋతువర్ణనం చేసే పనిని ఇక్కడ ఒక్క గడి చేస్తుంది.

భరతుడు శృంగారం నుండి హాస్యాన్ని పుట్టించినాడు. తకహాషి ఆ క్రమాన్ని తిరుగవేసి, కరుణంలో మునిగిన మనస్సును చిన్న చిన్న నవ్వుల మీదుగా శృంగారపు గట్టుకు చేర్చినది. ఆ గట్టు చేరుటకు పాతప్రేమను ఏటిలో వదలి రానక్కరలేదని చెప్పుట ఈ సంపుటపు విశేషం. మన ఇండ్లలో నేడును, చిన్నవయస్సులో భర్తను పోగొట్టుకొన్న ఆడపడుచుకు మరల పెండ్లి మాట ఎత్తినప్పుడు, 'పాతవన్నీ మరచిపొమ్మ'ని హితవు చెప్పే పెద్దలే ఎక్కువ. మరువనక్కరలేదని చెప్పగల వరుడు, ఆ మాట విని తలయూపగల అత్తమామలు ఉన్ననాడు వీరేశలింగంగారు ఆరంభించిన పని సంపూర్ణమవుతుంది.