గిటార్ పెట్టెకు కొత్త గొంతు

మా చిన్ని గిటార్‌ని అటకెక్కించిన రోజు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. మావారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "పోన్లే, ఇంటర్ రెండో సంవత్సరం. చదువు మీద ధ్యాస పెడుతుంది" అన్నారు. మామయ్యగారు ఏమీ అనలేదు గాని టీవీ వాల్యూమ్ తగ్గించారు. రెండేళ్ళుగా ఆ గిటార్‌తో పోటీపడి పెంచుకుంటూ వచ్చిన వాల్యూమ్ అది. గోడవతల పిన్నిగారు సాయంత్రం ఓ ప్లేటు పకోడీలు పంపారు. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

సనత్‌నగర్ పాత క్వార్టర్లలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. రెండిళ్ళకూ ఒకటే గోడ. మా ఇంట్లో తుమ్మితే వాళ్ళింట్లోంచి "చిరంజీవ" అని వినిపిస్తుంది. అలాంటిచోట ఎలక్ట్రిక్ గిటార్, దానికో చిన్న యాంప్లిఫయర్ పెట్టె! పది వాట్ల పెట్టే అయినా, అది మోగితే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుండేది.

అసలు సంగతేమిటంటే, ఆ పిల్ల చేత మాన్పించింది నేనే. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు అందరి ముందూ "ఏమిటే ఆ మోత, రెండేళ్ళయినా వేళ్ళు తిరగవా?" అనేశాను. అది నా వంక ఒక్క చూపు చూసి ప్లగ్ పీకేసింది. అంతే, మళ్ళీ పెట్టలేదు.

ఆ నెల ఫీజు బాకీ ఉంది. అది కట్టేసి, గిటార్ కూడా ఎవరికైనా అమ్మిపెట్టమని మాస్టారికి అప్పగిద్దామని ఇద్దరం అమీర్‌పేట వెళ్ళాం. చిన్ని గిటార్ పట్టుకుని ముందు వెళ్ళింది. నేను ఆటో అతనితో చిల్లర దగ్గర కాసేపు వాదించి మెట్లెక్కుతుంటే లోపల ఎవరో వాయిస్తున్నారు. ఒక్కో స్వరం నూనెలో ముంచి తీసినట్టు నున్నగా వస్తోంది. ఇలాంటి పిల్లల్ని కన్న తల్లులు అదృష్టవంతులు అనుకుంటూ తలుపు తోశాను. వాయిస్తోంది మా చిన్ని!

గిటార్ అదే, వేళ్ళూ అవే. మారిందల్లా పెట్టె ఒక్కటే. మాస్టారిది పెద్ద పెట్టె. "మీ పెట్టెలో సర్క్యూట్ బాగానే ఉంటుందండీ. ఖర్చు తగ్గించేది స్పీకర్ దగ్గర. అది మార్చి చూడండి" అన్నారాయన. గిటార్ అమ్మే మాట నేనెత్తలేదు. ఫీజు కట్టేసి వచ్చాం.

ఇంటికొచ్చి మామయ్యగారి ముందు కూర్చున్నాను. ఆయన ఆల్విన్‌లో ఫిట్టర్‌గా చేశారు. 1942లో మొదలైన ఆ ఫ్యాక్టరీ సనత్‌నగర్‌లో ఎన్ని ఇళ్ళకు అన్నం పెట్టిందో లెక్కలేదు. ఉద్యోగం పోయాక ఆయన వీధిలో వాళ్ళ రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, చూపు ఆనదు. గిటార్ అంటే మాత్రం చిరాకు. ఆయనకు మాండలిన్ శ్రీనివాస్ ప్రాణం. పాలకొల్లులో 1969లో పుట్టి, 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయిన ఆ మహానుభావుడి కచేరీ క్యాసెట్లు ఇంకా దాచుకున్నారు.

"మామయ్యగారూ, శ్రీనివాస్ గారిదీ కరెంటు మాండలినే కదండీ! అదీ స్పీకర్లోంచే పలికింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పెట్టె తెచ్చి విప్పమ్మా" అన్నారు.

అన్నట్టు, గిటార్ల ప్రపంచంలో అతి పెద్ద పేరు ఫెండర్. ఆ లియో ఫెండర్ కూడా మొదట్లో కాలిఫోర్నియాలో రేడియో రిపేరు షాపు నడిపినవాడే, 1938లో. ఆయనకు గిటార్ వాయించడం రాదు కూడా. ఈ కబురు చిన్ని చెబితే తాతగారు మీసాల్లో నవ్వుకున్నారు.

వెనక చెక్క విప్పితే లోపల ఎనిమిదంగుళాల స్పీకర్. దాని మేగ్నెట్ మన బిస్కెట్టంత ఉంది! కాగితం గరాటు, దాని మొదట్లో సన్నని తీగచుట్ట, వెనక అయస్కాంతం, ఇంతే స్పీకరంటే. తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే గరాటు ముందుకీ వెనక్కీ ఊగి గాలిని కొడుతుంది. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు దీన్ని వాడుకకు పనికొచ్చేలా చేశారు. ఇప్పటికీ పద్ధతి అదే. అయస్కాంతం బలహీనమైతే గరాటు బద్ధకంగా ఊగుతుంది. ఊగించడానికి మనం నాబ్ తిప్పుతూ పోతాం. అప్పుడు మోత పెరుగుతుంది, మాధుర్యం పెరగదు.

మామయ్యగారు తన పాత మీటరు నాకిచ్చి రెండు కాళ్ళకూ ఆనించమన్నారు. ముల్లు ఏడు దగ్గర ఆగింది. "అయితే ఎనిమిది ఓంల స్పీకరు. మీటరు ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. నాలుగు ఓంలది ఇస్తానంటే తేకు. ట్రాన్సిస్టర్లు కాలి కూర్చుంటాయి" అన్నారు. ఈ మాట నేను కొంగున ముడేసుకున్నాను. స్పీకరు వ్యాసం, బోల్టు రంధ్రాల మధ్య దూరం, వెనక ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న ఖాళీ టేపుతో కొలిచి కాగితం మీద రాసుకున్నాను. కొత్తదాని మేగ్నెట్ పెద్దదైతే లోపల పట్టాలి కదా!

మెట్రోలో ఈఎస్‌ఐ హాస్పిటల్ స్టేషన్లో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగొచ్చు. కోఠీ ఉమెన్స్ కాలేజీలో నేను మూడేళ్ళు చదివాను (ఇప్పుడది విశ్వవిద్యాలయమైంది). సుల్తాన్‌బజార్‌లో గాజులకీ చీరలకీ తిరగని సందు లేదు. పక్కనే ఉన్న గుజరాతీ గల్లీలో మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మైకులు... మనకేం పని అనుకునేదాన్ని.

మొదటి షాపతను నన్ను చూసి "సార్‌ని పంపకపోయిన్రా అమ్మా?" అన్నాడు. "సార్‌కి ఓం అంటే పూజలో ఓం ఒక్కటే తెలుసు, నాకే చూపించండి" అన్నాను. నవ్వి ముందు నాలుగు ఓంలది తీశాడు. "ఇది ఇంకా గట్టిగ కొడ్తది" అన్నాడు. వద్దన్నాను. తర్వాత ఎనిమిది ఓంలదే, రబ్బరు అంచున్న హోం థియేటర్ ఊఫర్ తీశాడు. చూడ్డానికి భలే ఉంది, బరువుగానూ ఉంది. కానీ మాస్టారు ముందే చెప్పారు, అది కింది స్వరాల కోసం చేసింది, గిటార్‌కి మందకొడిగా ఉంటుందని. గిటార్ అన్నిటికన్నా లావు తీగె 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. దాని అందమంతా మధ్య స్వరాల్లోనే. అయిదారు వేల హెర్ట్జ్ దాటాక గిటార్ స్పీకర్ కావాలనే నోరు మూసుకుంటుంది, అందుకే చెవికి గరగర తగలదు. అంచు కూడా కాగితంతోనే, ముడతలు ముడతలుగా ఉండాలట.

మూడో షాపులో దొరికింది. పదిహేను వాట్లు, ఎనిమిది ఓంలు, కాగితం అంచు, మేగ్నెట్ మన అరచెయ్యంత. పదకొండు వందల యాభై. నా కథకు వచ్చిన వెయ్యికి పోపుడబ్బా నూటయాభై కలిపింది. కథ రాసిన డబ్బుతో నేను కొన్న మొదటి వస్తువు అదే. చీర కొనుక్కోమని మావారు అన్నారు లెండి.

ఆదివారం పనికి దిగాం. ప్లగ్ పీకి గంటసేపు వదిలేయమన్నారు మామయ్యగారు, కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలవుంటుందట. పాత తీగెలు ఊడదీసి, ఎర్రది ఎటో నల్లది ఎటో చిన్ని చేత ఫోటో తీయించాను. సోల్డరింగ్ ఐరన్ ఆయనదే. "సీసాన్ని కాల్చకమ్మా, ముందు కాలుని కాల్చు. అది వేడెక్కితే సీసం దానంతటదే పారుతుంది" అంటుంటే బెల్లం పాకం గుర్తొచ్చింది. మొదటి టాకా ముద్దగా అయింది. రెండోది మెరిసింది. ఆయన చేత్తో తడిమి "ఊఁ" అన్నారు. ఆల్విన్‌లో ఎంతమంది కుర్రాళ్ళు ఆ "ఊఁ" కోసం ఎదురుచూశారో!

బోల్టులు బిగించేటప్పుడు మాత్రం నా ప్రాణం పోయినంత పనైంది. స్క్రూడ్రైవర్ని అంచు దగ్గర పెట్టగానే అయస్కాంతం దాన్ని చేతిలోంచి లాక్కుంది. కాగితానికి వెంట్రుకవాసిలో ఆగింది. "చిరిగితే చిరిగింది లేమ్మా, 1964లో కింక్స్ వాళ్ళ గిటారిస్టు డేవ్ డేవీస్ బ్లేడుతో కావాలనే స్పీకర్ కోశాడు, ఆ గరగర శబ్దం కోసం" అంది చిన్ని. వాడికేం, వాడి డబ్బు, వాడి స్పీకరు! ఆ తర్వాత గరాటు మీద అట్టముక్క అడ్డం పెట్టుకుని, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాను.

ప్లగ్ పెట్టాం. చిన్ని నాబ్ అలవాటుగా ఆరు మీద పెట్టబోయి, భయపడి మూడు దగ్గర ఆపింది. తీగె మీటింది.

మాస్టారి పెట్టెలా ఉందని చెప్పను. చిన్న పెట్టె చిన్న పెట్టే, కింది స్వరాల్లో ఇంకా గాలి చాలదు. కానీ రేకుల మోత పోయింది. స్వరం గుండ్రంగా వచ్చి గదిలో నిలబడింది. మూడు మీద ఉంటే చాలు, ఆరు అక్కర్లేదు. దీనికో లెక్క ఉంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో స్పీకర్ల పట్టీలో రాస్తారు. ఆ అంకె 3 పెరిగితే పెట్టె వాట్లు రెట్టింపు చేసినంత సమానం. అంటే మనం గోడవతలికి పంపే మోత తగ్గించుకునే వీలూ అందులోనే ఉంది.

నేను చిన్నితో "ఆ రోజు నేనన్న మాట తప్పు. వేళ్ళు ఎప్పుడో తిరిగాయి" అన్నాను. అది తల ఎత్తలేదు. "తెలుసులే" అని మళ్ళీ మొదటినుంచి వాయించింది. మామయ్యగారు టీవీ కట్టేశారు. కొంచెంసేపటికి "మోహన రాగం వస్తుందేమో అడుగమ్మా" అన్నారు నాతో, పిల్ల ఎదురుగానే ఉన్నా. దానికి రాదు. నేర్చుకుంటానంది.

పకోడీలు ఆ తర్వాత మళ్ళీ రాలేదు, కానీ గోడ మీద చప్పుడూ రాలేదు. పాత స్పీకర్ని పారేద్దామంటే మామయ్యగారు పడనివ్వలేదు. చెప్పుల పెట్టెకు కన్నం చేసి, దాన్ని బిగించి తన రేడియోకి తగిలించుకున్నారు. వార్తలకు అది చాలట.