6.4 నీటిలో కరగని ఔషధాలకు పాలిమర్ ఎంపిక

నోటి ద్వారా తీసుకున్న ఔషధం రక్తంలో చేరాలంటే ముందుగా జీర్ణరసాలలో కరగాలి. ఇది జరగకపోతే ఎంత నష్టమో రిటోనావిర్ ఉదంతం తెలుపుతుంది. హెచ్‌ఐవీ చికిత్సలో వాడే ఈ మందు గుళికలు 1998లో కరుగుదల పరీక్షలో విఫలమయ్యాయి. అంతకుముందు ఎవరికీ తెలియని, మరింత తక్కువగా కరిగే స్ఫటిక రూపం వాటిలో ఏర్పడటమే ఇందుకు కారణం. గుళికల సరఫరా ఆగిపోయి, రోగులు ద్రవరూప మందుకు మారవలసి వచ్చింది.

6.4.1 అస్ఫటిక ఘన విక్షేపణం

స్ఫటికంలో అణువులు క్రమంగా అమరి ఉంటాయి. ఆ అమరికను విడదీయడానికి శక్తి కావాలి. అస్ఫటిక స్థితిలో ఈ క్రమం ఉండదు కనుక పదార్థం త్వరగా, ఎక్కువగా కరుగుతుంది. పీచుమిఠాయిని గుర్తు తెచ్చుకోండి. అందులోని చక్కెర అస్ఫటిక స్థితిలో ఉంటుంది. తేమ తగిలితే అది కుదించుకుపోయి, క్రమంగా మళ్ళీ స్ఫటికాలుగా మారుతుంది. ఔషధం విషయంలోనూ ఇదే జరుగుతుంది. అలా మారకుండా ఔషధ అణువులను తనలో చెదరగొట్టి నిలిపి ఉంచడమే పాలిమర్ పని.

6.4.2 ఎంపికకు మూడు ప్రశ్నలు

1. రెండూ కలుస్తాయా? పీవీపీలోని కార్బొనైల్ సమూహం హైడ్రోజన్ బంధాన్ని స్వీకరించగలదు. ఔషధంలో –ఓహెచ్ లేదా –ఎన్‌హెచ్ సమూహం ఉంటే రెండింటి మధ్య బంధం ఏర్పడే అవకాశం ఉంది.

2. నిల్వలో స్థిరంగా ఉంటుందా? గాజు పరివర్తన ఉష్ణోగ్రత కంటే నిల్వ ఉష్ణోగ్రత సుమారు 50° సెల్సియస్ తక్కువగా ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. అంటే 30° వద్ద నిల్వ చేయడానికి మిశ్రమం విలువ 80° వరకు ఉండాలి. అస్ఫటిక రిటోనావిర్ విలువ సుమారు 50° మాత్రమే. కోపోవిడోన్ విలువ 100° దాటుతుంది కనుక, దానితో కలిపితే మిశ్రమం విలువ పెరుగుతుంది. పీవీపీ కె-30 విలువ ఇంకా ఎక్కువ, 150° పైనే. అయితే అది గాలిలోని తేమను బాగా పీల్చుకుంటుంది. తేమ ఈ విలువను తగ్గిస్తుంది. కాబట్టి అంకెను మాత్రమే చూసి ఎంచుకోరాదు.

3. పేగులలో కరిగిన స్థితి నిలుస్తుందా? బలహీన క్షారమైన ఇట్రాకొనజోల్ జఠరామ్లంలో కొంత కరిగి, పేగులకు చేరగానే అవక్షేపించే ప్రమాదం ఉంది. హెచ్‌పీఎంసీ ఈ స్ఫటికీకరణను ఆలస్యం చేస్తుంది. హెచ్‌పీఎంసీ-ఏఎస్ జఠరామ్లంలో కరగదు. దాని రకాన్ని బట్టి పీహెచ్ 5.5 నుంచి 6.5 దాటాక కరుగుతుంది. అందువల్ల ఔషధం ప్రధానంగా పేగులలోనే విడుదలవుతుంది.

6.4.3 తయారీ పద్ధతి

వేడితో మెత్తబరచి కలిపే పద్ధతిలో, పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత వద్ద ఔషధం విచ్ఛిన్నం కాకూడదు. వేడికి తాళలేని ఔషధాన్ని పాలిమర్‌తో కలిపి ద్రావణిలో కరిగించి, తుంపర రూపంలో ఆరబెడతారు. దీనికి రెండింటినీ కరిగించే, సులభంగా ఆవిరయ్యే ద్రావణి కావాలి.

రిటోనావిర్‌కు మొదటి పద్ధతి కుదిరింది. 1999లో తిరిగి వచ్చిన గుళికలను రిఫ్రిజిరేటర్‌లో ఉంచవలసి వచ్చేది. కోపోవిడోన్‌తో చేసిన మాత్రకు 2010లో అమెరికాలో అనుమతి లభించింది. దానికి రిఫ్రిజిరేటర్ అవసరం లేదు. వేసవిలో 40° దాటే ప్రాంతాలలోని రోగులకు ఈ తేడా చాలా ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గాజు పరివర్తన ఉష్ణోగ్రత అధికంగా ఉన్నా పీవీపీ కె-30 అన్ని సందర్భాలకూ ఎందుకు తగదు?
2. ఒక ఔషధం 120° వద్ద విచ్ఛిన్నమవుతుంది, అసిటోన్‌లో బాగా కరుగుతుంది. మీరు ఏ తయారీ పద్ధతిని ఎంచుకుంటారు? ఎందుకు?