ముదిమిలో మతిమరపు వ్యాధి - వ్యాయామము

మా తండ్రిగారు 40 ఏండ్లు దున్నిన చేనికి దారి తెలియక గట్టుపై నిలిచిపోయిననాడు, మేము భయపడి వారిని అరుగుపై గూర్చుండబెట్టితిమి. అది మా పొరపాటు. కొన్ని నెలలకే కాళ్లు సన్నగిల్లి, లేచుటకు మనిషి కావలసివచ్చెను.

డిమెన్షియా యనునది మెదడు వ్యాధి. వట్టి ముసలితనము కాదు. వ్యాయామముచే జ్ఞాపకము మరలునని యాశింపరాదు. ఇంగ్లండులో 494 మందిపై జరిపి 2018లో ప్రకటించిన పరీక్షయందు దేహబలము హెచ్చెనేగాని మతి క్షీణించుట తగ్గలేదు. అట్లని నిష్ప్రయోజనము కాదు. ఫిన్లండులో 210 మంది ఆల్జైమరు రోగులను పరీక్షించి 2013లో ప్రకటించినదానినిబట్టి, ఇంటివద్దనే వారమునకు రెండుమారులు, గంటచొప్పున, ఏడాది వ్యాయామము చేసినవారు క్రిందపడుట తగ్గెను. తమ పనులు తాము చేసికొను శక్తియు వారిలో మెల్లగా క్షీణించెను.

కావున చల్లనివేళ ఒకరు తోడుండి, నిత్యము ఒకే దారిని నడిపింపవలెను. మంచముపైనుండి పలుమారులు లేచి కూర్చుండుటయు మంచిదే. నోటితో జెప్పిన మరతురు. ఎదుట మనము చేసి చూపిన చేయుదురు. (మా ప్రదర్శనక్షేత్రములందును ఇదియే పద్ధతి!) వేరుసెనగకాయలు వొలుచుటవంటి పాతపనులు చేతికి వెంటనే వచ్చును.

గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగియే మొదలిడవలెను. ఒరలేని బావి యున్న దారిని మాత్రము విడువుడు.